చేతికర్రయు చేయియు

పాఠ్యభాగము: 2 రాజులు 4:18–37, లూకా 10:30–35

షూనేములో ఆ బాలుడు తల్లి తొడమీద ప్రాణము విడిచిన దినమున ఎలీషా మొదట తాను కదలలేదు. తన చేతికర్రను గేహజీ కిచ్చి ముందుగా పంపెను. గేహజీ త్రోవలో ఎవరిని పలుకరింపక వేగముగా పోయి, కర్రను బాలుని ముఖముపై పెట్టెను. మార్పేమియు కలుగలేదు. అతడు వెనుకకు వచ్చి ఉన్న సంగతి ఉన్నట్లు చెప్పెను.

బోధకులు ఈ భాగమును చెప్పునపుడు గేహజీని నిందించుట అలవాటు. తరువాతి అధ్యాయములో నయమానును వెంబడించి ధనము పుచ్చుకొన్నవాడు గనుక ఇక్కడను అతని విశ్వాసములో లోపమున్నదని తలంతురు. ఈ వృత్తాంతములో మాత్రము అతనిపై నిందయేదియు లేదు. చెప్పిన పనిముట్టును చెప్పిన చోట పెట్టి, దానివలన ఫలితము కలుగలేదని దాచక తెలియజేసిన మనుష్యుడతడు. ఆసుపత్రిలో పనిచేయువారు ఇట్టి సేవకుని తేలికగా చూడరు. అయినను ఆ తల్లి గేహజీ వెంట పోలేదని గమనింపవలెను. కర్ర ముందు వెళ్లినను ఆమె ప్రవక్తనే పట్టుకొని నిలిచినది. కర్రను పంపినవాడు తానే రావలెనని ఆమె కోరిక.

ఎలీషా వచ్చెను, తలుపు వేసెను, ప్రార్థించెను, పిమ్మట బాలునిమీద పండుకొని నోటికి నోరును, కన్నులకు కన్నులును, చేతులకు చేతులును ఆనించెను. శరీరము వెచ్చనయ్యెను గాని ప్రాణము వెంటనే రాలేదు. అప్పుడతడు లేచి యింటిలో ఇటు నటు తిరిగి, మరల వచ్చి మునుపటివలెనే చేసెను. ఈ నడకను గూర్చి వ్యాఖ్యానకర్తలు తరచుగా ఒక వాక్యముతో సరిపెట్టుదురు. రాత్రివేళ ఇంటెన్సివ్ కేర్ వార్డులో డ్యూటీ చేసినవారికి మాత్రము ఆ నడక తెలియును. చేయవలసినది చేసినను ఫలితము సగమే కనబడినపుడు మనుష్యుడు పడకనుండి కిటికీకి, కిటికీనుండి పడకకు తిరుగును.

ఇంటెన్సివ్ కేర్ అనగానే మనకు యంత్రములే స్ఫురించును. దాని ఆరంభ చరిత్ర వేరుగా నున్నది. 1952వ సంవత్సరమున డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగనులో పోలియో వ్యాధి ప్రబలెను. బ్లెగ్డాం ఆసుపత్రికి ఊపిరి ఆడని పిల్లలు దినదినమును వచ్చుచుండిరి. ఆ ఆసుపత్రిలో ఇనుప ఊపిరితిత్తి యని పిలువబడిన పెద్ద యంత్రము ఒక్కటియు, రొమ్మునకు తొడుగు చిన్న యంత్రములు ఆరును మాత్రమే యుండెను. వాటిలో పెట్టిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయిరి. అప్పుడు ఆపరేషను గదిలో మత్తుమందు ఇచ్చు వైద్యుడైన బ్యోర్న్ ఇబ్సెన్ పిలువబడెను. ఆగస్టు 27న అతడు పండ్రెండేండ్ల బాలికకు గొంతులో రంధ్రము చేయించి, గొట్టము పెట్టించి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు గాలి నందించెను. బాలిక బ్రదికెను.

సంచిని నొక్కుటకు యంత్రము లేదు, చేతులు కావలెను. ఆ నెలలలో దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా గంటల తరబడి పిల్లల ప్రక్కన కూర్చుండి సంచులు నొక్కిరి. నర్సులు ఆ పిల్లలను కడిగి, త్రిప్పి, గొట్టములను శుభ్రపరచిరి. గొట్టము వలన మాటలాడలేని పిల్లలు కనురెప్పలతోను పెదవులతోను ఏమి అడుగుచున్నారో సంచి పట్టిన విద్యార్థి నేర్చుకొనెను. గాలి చాలనిచో పిల్లవాని కన్నులే అతనికి చెప్పెను. నూటికి ఎనుబదికి పైగా నున్న మరణములు క్రమముగా పాతిక ప్రాంతమునకు తగ్గెను. 1953 డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరములోని వేరొక ఆసుపత్రిలో ఇట్టి రోగులకు ప్రత్యేకమైన గదిని ఏర్పరచెను. విద్యార్థుల చేతుల పనిని తరువాత యంత్రములు తీసికొన్నవి. నేటి వెంటిలేటరు ఆ చేతుల వారసుడు. చేయి సంచిని విడిచినది మంచిదే; ఏ చేయియు ఇరువదినాలుగు గంటలు అలయక నొక్కలేదు. సంచితోపాటు పిల్లవాని కన్నులను చూచుటకూడ ఆ చేతితో వెళ్లిపోయినదా యను ప్రశ్న మాత్రము మిగిలినది.

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు పట్టణమున ఖరిదా యను పేట యున్నది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరములలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఊరిని జంక్షనుగా చేసినది మొదలు, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు పనికొరకు అక్కడికి వచ్చి వర్క్‌షాపులోను, లోకో షెడ్డులోను, పట్టాల గ్యాంగులలోను చేరిరి. వారి మనుమలు బెంగాలీ హిందీ భాషలను తడబడక మాటలాడుదురు. ఇంటిలో తెలుగు, గుడిలో తెలుగు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా హోదా నిచ్చుటకు సమ్మతించినపుడు వార్తలలో ముందుగా వినబడిన ఊరి పేరు ఖరగ్‌పూరే.

ఈ పేటవారికి యంత్రమును గూర్చి ఎవరును క్రొత్తగా బోధింప నక్కరలేదు. రైలుబండిలో ఇంజను నడపువాడును అతని సహాయకుడును ప్రతి సిగ్నలును చూచి, దాని రంగును బిగ్గరగా ఒకరితో నొకరు పలుకుకొనవలెనని నియమము. దీపము వెలుగుచునే యున్నది, ఇద్దరును చూచుచునే యున్నారు. అయినను నోటితో పలుకవలెను. బండి స్టేషనులో ఆగినపుడు పరీక్షకుడు చక్రముల ప్రక్కన నడచుచు ఆక్సిల్ బాక్సుపై చేయి పెట్టి వేడి చూచుట ఆ పనివారి పిల్లలందరు ఎరిగిన దృశ్యము. వేడిని కొలుచు పరికరములు తరువాత వచ్చినవి. అవి రావలసినవే. చేతి అలవాటు వాటికంటె పాతది.

ఇదే డివిజనులో, ఒడిశాలోని బహానగా బజార్ స్టేషనువద్ద, 2023 జూన్ 2వ తేదీ సాయంకాలము జరిగినది ఖరిదావారు మరువరు. చెన్నైకి పోవు కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మన వారనేకులు ఎక్కు బండి. దానికి మెయిన్ లైనుకు ఆకుపచ్చ సిగ్నలు వచ్చినది. పట్టాల మలుపు మాత్రము లూప్ లైనుకు తిరిగి యుండెను. అక్కడ ఇనుప ఖనిజముతో గూడ్సు బండి నిలిచి యున్నది. తప్పిన పెట్టెలు ఎదుటి త్రోవలో వచ్చుచున్న మరియొక ఎక్స్‌ప్రెస్‌ను తాకినవి. 290 మందికి పైగా మరణించిరి. సిగ్నల్ సర్క్యూట్ తీగలను మార్చినపుడు జరిగిన పొరపాటు దీనికి కారణమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది. బండి నడపినవాడు సిగ్నలును మీరలేదు. దీపము చెప్పినది ఒకటి, పట్టా ఉన్నది మరియొక రీతిగా. ఆ రాత్రి చుట్టుపట్ల పల్లెలవారు చీకటిలో పెట్టెల నెక్కి చేతులతో గాయపడినవారిని వెలికి తీసిరి. బాలేశ్వర్ ఆసుపత్రి యెదుట యువకులు రక్తమిచ్చుటకు బారులు తీరిరి.

ఐ.సి.యు. నర్సు ఎదుట నున్న దీపములును ఇట్టివే. వ్రేలికి తగిలించు ఆక్సిమీటరును తీసికొనుడు. 1974 ప్రాంతమున జపాను దేశీయుడైన తకువొ అవొయాగి కనుగొనిన పద్ధతిపై అది పనిచేయును. చర్మముగుండ వెలుతురును పంపి రక్తములోని ప్రాణవాయువును లెక్కించును. లెక్కకు మించిన ప్రాణములను కాపాడిన పరికరమిది. అయినను, 2020 డిసెంబరులో అమెరికా వైద్య పత్రికలో ప్రకటింపబడిన పరిశీలన యొకటి, పరికరము బాగుగా నున్నదని చూపుచుండగా రక్తములో నిజముగా ప్రాణవాయువు తగ్గియుండుట నల్లవారిలో తెల్లవారికంటె దాదాపు మూడింతలు ఎక్కువగా కనబడెనని తెలిపినది. చర్మపు రంగు వెలుతురును ఆటంకపరచును. మన దేశములో నల్లని చర్మము గల కూలి, గ్యాంగ్‌మాన్ ఆ పరికరమును తగిలించుకొని పండుకొనియున్నప్పుడు, అంకె 94 అని చూపినంతమాత్రమున నర్సు తృప్తి చెందరాదు. నాలుకను, పెదవుల లోపలి రంగును చూడవలెను. ఛాతి ఎట్లు ఎగయుచున్నదో చూడవలెను. అనుమానమున్నచో ధమనీ రక్తపరీక్షను అడుగవలెను.

గంటల మోత సంగతి మరియొకటి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఐదు ఐ.సి.యు.లలో 31 దినములు ప్రతి అలారమును లెక్కించి 2014లో ప్రకటించిరి. ఒక్కొక్క పడకకు దినమునకు వినబడు అలారములు 187. గుండె లయ తప్పినదని మ్రోగిన అలారములలో 12,671 పరీక్షింపగా నూటికి దాదాపు 89 వట్టివి. వట్టి కేకలు వేయు కాపరిని ఊరు నమ్మదు. అలసిన నర్సు చెవి ఆ మోతను వినక పోవుటయు, విసిగి అలారమును ఆర్పివేయుటయు ఇట్లు జరుగును. ఆమెను నిర్లక్ష్యపరాలని తిట్టుట తేలిక. రోగికి తగినట్లు హద్దులు సరిచేయుట, ఛాతిపై అంటించు పట్టీలను దినదినము మార్చుట, అక్కరలేని గంటను ఆపుట అను చిన్న పనులవలన ఈ మోత తగ్గునని వార్డులలో రుజువైనది. ఇవన్నియు యంత్రమును ఎరిగిన చేతి పనులే.

ఇక్కడ ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. యంత్రము కఠినమైనదనియు ప్రేమ మృదువైనదనియు రెంటికిని విరోధము కల్పించి మాటలాడుట మన ప్రసంగములలో వాడుకైనది. అది నిజము కాదు. వెంటిలేటరు గొట్టము పెదవివద్ద ఎన్ని సెంటీమీటర్ల గుర్తున నున్నదో చూడని నర్సు ఎంత చల్లగా మాటలాడినను ఆ చల్లదనము రోగిని కాపాడదు. తలవైపు పడకను ముప్పది డిగ్రీలకు పైగా ఎత్తి యుంచుట వలన ఊపిరితిత్తులలో చీము పట్టుట తగ్గును. మత్తులో నున్నవాడు రెప్ప వేయలేడు గనుక కంటిలో మందు వేసి మూయవలెను. గంట గంటకు మూత్రము కొలువవలెను. రెండేసి గంటలకు ప్రక్క మార్చవలెను. అంకెలకు సంబంధించిన పనియేది, దయకు సంబంధించిన పనియేది అని వీటిని విడదీయుట ఎవరి వలన నగును? జీన్ వాట్సన్ 1979లో నర్సు వృత్తికి ఆదరణయే మూలమని గ్రంథము వ్రాసెను. 2005లో రొజానో లోక్సిన్ మరియొక అడుగు వేసి, పరికరములయందలి నేర్పుకూడ ఆదరణ యొక్క రూపమేననియు, ఆ నేర్పు రోగిని మనుష్యునిగా ఎరుగుటకు సాధనమనియు వ్రాసెను. సమరయుడు చేసిన దానిలో ఇవి రెండును కలిసియే యున్నవి. నూనెయు ద్రాక్షారసమును గాయమునకు ఆ కాలపు వైద్యము. కట్టు కట్టుటకు నేర్పు కావలెను. తన వాహనముమీద ఎక్కించెను. ఆ రాత్రి తానే చూచుకొనెను. తెల్లవారి ఖర్చునకు ధనమిచ్చి మరల వచ్చెదనని చెప్పెను. కనికరపడిన తరువాత అతడు చేసినవన్నియు పనులే.

అయినను ఒక చిక్కు మిగులును. నేర్పుకు కాలము పట్టును, అంకెలను వ్రాయుటకు కాలము పట్టును, ఆ కాలమెల్ల రోగి ముఖమునుండియే తీసికొనబడును. వెంటిలేటరుమీద నున్న రోగికి ఒక నర్సు ఉండవలెనని వృత్తివారు చెప్పుదురు; ఇద్దరు ముగ్గురు రోగులను ఒక్క నర్సు చూచు రాత్రులు మన దేశమున అరుదు కావు. చేయదగినది తెలిసియు చేయ వీలులేనప్పుడు మనస్సులో కలుగు వేదనకు ఆండ్రూ జేమ్‌టన్ 1984లో నైతిక వేదన అని పేరు పెట్టెను. ఆ రాత్రి డ్యూటీ దిగి యింటికి పోవు నర్సు దానిని తనతో తీసికొనిపోవును. అట్టి చోట ఆదరణ తక్కువైనదని ఆమెకు బోధచేయుట అన్యాయము. బోధ వినవలసినవారు రెండవ నర్సును నియమింపనివారు.

ఇప్పుడు ఖరిదాలో వర్క్‌షాపునుండి పింఛను పుచ్చుకొనుచున్న ఒక ఫిట్టరు, డెబ్బదేండ్ల వృద్ధుడు, న్యుమోనియాతో వెంటిలేటరుపై నున్నాడని ఊహింతము. నలువది యేండ్లు ఆయన పై అధికారితో హిందీలోను, బజారులో బెంగాలీలోను మాటలాడెను. జ్వరములోను మత్తులోను ఆ భాషలు ముందుగా వదలిపోవును. చిన్ననాటి తెలుగు మిగులును. నర్సు బెంగాలీ యువతి. ఆమె దయగలది, దాదూ అని పిలుచును. ఆయన కన్నులు తెరచి చూరువైపు చూచును. గొట్టమును పీకుకొనబోవును. చేతులు కట్టివేయుదురు. దీపములు రాత్రింబగళ్లు ఒకే తీరున వెలుగుచున్నందున ఏది పగలో ఏది రాత్రియో తెలియదు. కళ్లజోడు ఇంటిలో నున్నది.

వెంటిలేటరుపై నున్నవారిలో సగమునకు పైగా ఏదో యొక సమయమున ఇట్టి మతిభ్రమకు లోనగుదురని పరిశోధనలు చూపినవి. వెనుక దానిని వ్యాధిలో మామూలేనని వదలెడివారు. ఇప్పుడు దానిని అపాయముగా ఎంచుచున్నారు. అది పట్టినవారు ఎక్కువ దినములు ఆసుపత్రిలో నుందురు, ఇంటికి వచ్చిన తరువాతను జ్ఞాపకశక్తి కుంటువడును. 2018లో అమెరికా క్రిటికల్ కేర్ వైద్యసంఘము ప్రకటించిన మార్గదర్శకములలో దీనికి చెప్పిన ఉపాయములను చదివినవారికి ఆశ్చర్యము కలుగును. మందులకంటె ముందు, కళ్లజోడు పెట్టుడి, వినికిడి పరికరము పెట్టుడి, రాత్రి దీపమును మోతను తగ్గించి నిద్రపోనిండి, వీలైనంత త్వరగా కూర్చుండబెట్టి నడిపించుడి, దినమును స్థలమును చెప్పుడి. అత్యంత యంత్రమయమైన గదిలో నిపుణులు తుదకు కళ్లజోడు వద్దకు వచ్చిరి.

ఇక్కడనే సంఘమునకును కుటుంబమునకును పనియున్నది. మనము చేయుచున్నదేమి? చూచుటకు అనుమతించిన ఆ కొద్ది నిమిషములలో ఎనిమిది మంది తలుపువద్ద గుమికూడుదుము. లోపలికి వెళ్లినవాడు ముందుగా చూచునది తండ్రి ముఖము కాదు, మానిటరు. బయటికి వచ్చి చెప్పునది అంకె. పెద్దలు బిగ్గరగా ప్రార్థింతురు. ప్రక్కపడకలోని వారికి అది మరియొక అలారము. ఎలీషా తలుపు వేసి ప్రార్థించిన సంగతిని ఇట్టి సమయమున జ్ఞాపకము చేసికొనుట మేలు. ఒక్కరే వెళ్లి, చేతులు కడుగుకొని, ఆయన చేయి పట్టుకొని, చెవివద్ద ఆయనను ఇంటిలో పిలుచు పిలుపుతో పిలిచి, ఇది ఏ వారము, వెలుపల వాన కురియుచున్నదా ఎండ కాయుచున్నదా, మనుమరాలు పరీక్ష వ్రాసినదా అను సంగతులు తెలుగులో చెప్పవలెను. 2020, 2021 సంవత్సరముల కోవిడ్ దినములలో ఆ తలుపుకూడ మూయబడెను. తొడుగులలో ముఖము కనబడని నర్సులు తమ పేర్లను రొమ్ముపై వ్రాసికొని, తమ ఫోనులను రోగుల చెవులవద్ద పట్టుకొని నిలిచిరి. కడపటి మాటలు అట్లు వినబడిన ఇండ్లు మనలోను ఉన్నవి.

యంత్రము ఇక మేలు చేయజాలని దినముకూడ వచ్చును. దానినిగూర్చి మన సంఘములలో మాటలాడుటకు భయము. ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా నుండిన అరుణా శాన్‌బాగ్ 1973లో ఒక దుర్మార్గుని దాడివలన మెదడు దెబ్బతిని, 2015 మే 18న మరణించువరకు 42 ఏండ్లు ఆ ఆసుపత్రిలోనే పండుకొని యుండెను. ఆమెను ఎరుగని తరములనాటి నర్సులుకూడ ఆమెను కడిగి, తినిపించి, ప్రక్క మార్చుచు వచ్చిరి. ఆమెకు ఆహారము ఆపవలెనను అర్జీని 2011 మార్చి 7న సుప్రీం కోర్టు నిరాకరించెను. ఆమె తరపున మాటలాడు హక్కు ఆమెను చూచుకొనుచున్న ఆసుపత్రి సిబ్బందికే కలదనెను. అదే న్యాయస్థానము 2018 మార్చి 9న, గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమేననియు, కోలుకొను ఆశ లేని దశలో తనకు ఏ చికిత్స వద్దో మనుష్యుడు ముందుగా వ్రాసి యుంచవచ్చుననియు తీర్పు చెప్పెను. 2023 జనవరిలో ఆ విధానమును సులభపరచెను. ఈ తీర్పులు ఒకదానికొకటి విరోధమని కొందరు తలంచుచున్నారు. నర్సు నిలిచిన చోటునుండి చూచినచో అట్లు కనబడదు. వెంటిలేటరును ఆపవచ్చును. నోరు తడుపుట, నొప్పికి మందు ఇచ్చుట, కుమారుని పిలిపించుట, తుదకు దేహమును కడిగి తల దువ్వుట ఆపుటకు ఏ తీర్పును లేదు.

ఖర్చు మాటయు దాచరాదు. రైల్వే పింఛనుదారునకు రైల్వే వైద్యము ఆధారముగా నున్నది. కంట్రాక్టు కూలికి అది లేదు. ప్రైవేటు ఐ.సి.యు.లో దినము దినమునకు పెరుగు బిల్లునకు భయపడి, బ్రదుకదగిన వానిని కుటుంబము సంతకము చేసి యింటికి తీసికొనిపోవుట మన దేశమున జరుగుచునే యున్నది. ఇట్టివారిని విశ్వాసహీనులని పలుకుటకు ముందు, సమరయుడు పూటకూళ్లవానికి ఇచ్చిన రెండు దేనారములను లెక్కపెట్టవలెను. చందా వేయు సంఘము ఆలస్యము చేయరాదు, ఐ.సి.యు.లో ఆదివారము వరకు ఆగుట చాల దూరము.

ఖరిదాలోను, తెలుగువారు మైనారిటీగా నున్న ప్రతి ఊరిలోను, యౌవనస్థుల కూటమువారు ఒక దినము కూర్చుండి చేయదగిన చిన్న పనియొకటి యున్నది. గట్టి అట్టపై ఒక వరుసలో తెలుగు మాటలను బెంగాలీ లిపిలో వ్రాసి, ఎదుట వరుసలో వాటి అర్థమును వ్రాయవలెను. నొప్పి. దాహము. చలి. ఊపిరి ఆడుట లేదు. ప్రక్క మార్చవలెనా? ఇది ఆసుపత్రి. రాత్రి అయినది. మీ అబ్బాయి బయట నున్నాడు. గొట్టము త్వరలో తీసివేయుదుము. పది పండ్రెండు మాటలు చాలును. అక్షరములు పెద్దవిగా నుండవలెను, తడిగుడ్డతో తుడుచుటకు వీలుగా పైన ప్లాస్టిక్ తొడుగవలెను. దానిని సిస్టరు గారి అనుమతితో పడక తలవైపు, మానిటరు ప్రక్కన వ్రేలాడగట్టవలెను. కళ్లజోడునుకూడ అప్పుడే ఇంటినుండి తెచ్చి యిచ్చుట మరువరాదు.